బుష్‌లు మార్చాక మా పాత సెడాన్ కుదురుకుంది

నాన్న ఇష్టంగా కొనుక్కున్న కారు, ఇరవై ఏళ్లు దాటింది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోతుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు ఎడమవైపు టక్కుమనేది, మలుపుల్లో ఒరిగేది. షాక్ అబ్జార్బర్లు పోయాయేమోనని టెన్షన్ పడ్డాను. మెకానిక్ అన్న స్వే బార్‌ను, అంటే మలుపుల్లో బండి ఎక్కువ ఒరగకుండా ఆపే ఇనుప కడ్డీని, చేత్తో ఊపి చూపించాడు. దాన్ని పట్టి ఉంచే బుష్ రబ్బరు ఎండిన రేగుపండులా ముడతలు పడింది, బార్ చుట్టూ గోరు దూరేంత సందు.

ఆ బుష్‌లు, బార్ కొసలను చక్రాల వైపు కలిపే లింకులు, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు అన్నీ మార్చాం. 22 మిల్లీమీటర్ల మందం బార్ తీసి 24ది వేశాం. తేడా చిన్నదే, గట్టిదనం మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ.

ఒక్కటి మరవొద్దు: బండి జాకీ మీద ఉండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించొద్దు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. లేకుంటే రబ్బరు మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. ఆఖర్న అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను.

మొన్న అదే దారిలో అమ్మను తీసుకుపోయాను. "రోడ్డు కొత్తగా వేసిన్రా బిడ్డా?" అని అడిగింది.