మూడు నిమిషాల్లో పీహెచ్‌డీ: విద్యార్థి చేత ఎలా చెప్పించాలి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో 'త్రీ మినిట్ థీసిస్' పోటీ మొదలుపెట్టింది. పీహెచ్‌డీ విద్యార్థి తన పరిశోధనను ఆ రంగం తెలియనివారికి మూడు నిమిషాల్లో చెప్పాలి. అప్పట్లో అక్కడ కరువు. నీళ్లు ఆదా చేయడానికి జనం స్నానాల గదిలో మూడు నిమిషాల గడియారం పెట్టుకునేవారు. ఆలోచన అక్కడే పుట్టింది. కదలని స్లైడు ఒక్కటే చూపించాలి, చేతిలో వస్తువులు ఉండకూడదు, పాటలూ పద్యాలూ కుదరవు. మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి తప్పిస్తారు. "ఇంకో రెండు నిమిషాలు మేడమ్" అనే మన సెమినార్ల అలవాటుకు ఈ కాఠిన్యం అవసరమే.

ఈ పోటీకి సిద్ధం కావడానికి నా దగ్గరికి వచ్చిన వాళ్లను ముందు ల్యాప్‌టాప్ మూసేయమంటాను. వేరే శాఖ మనిషిని, దొరక్కపోతే లైబ్రరీ ఉద్యోగిని, ఎదురుగా కూర్చోబెట్టి పని గురించి చెప్పమంటాను. ఆ తర్వాత విన్నవారిని, "మీకు అర్థమైంది చెప్పండి" అని అడుగుతాను. వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. వారు వదిలేసినవన్నీ సాధారణంగా మన విద్యార్థికి ప్రాణప్రదమైన గ్రాఫులే అయి ఉంటాయి. ఆ బాధ పడనివ్వండి.

తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తొలగించే పదార్థం మీద పనిచేసే అమ్మాయి ఉందనుకుందాం. మొదటి చిత్తుప్రతి తప్పకుండా "నా పరిశోధనాంశం..." అని మొదలై, పదార్థం తయారీ, లక్షణాల పరీక్ష, ఉష్ణోగ్రత ప్రభావం అంటూ సాగుతుంది. నేను నాలుగే అడుగుతాను. నష్టం ఎవరికమ్మా? ఇప్పుడేం చేస్తున్నారు? అది ఎక్కడ ఆగిపోతోంది? అక్కడ నువ్వేం చేశావు?

జవాబుల్లోంచే ప్రసంగం వస్తుంది. "ఈ నీటికి రంగు లేదు, వాసన లేదు. మరిగించినా లోపలి విషం పోదు. నల్లగొండ పల్లెల్లో తరతరాలుగా పళ్ల మీద మచ్చలు, వంగిన ఎముకలు దీని పుణ్యమే." తర్వాత, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపే 'నల్లగొండ పద్ధతి'. అది పనిచేస్తుంది, కానీ బురద మిగులుతుంది, నీటిలో అల్యూమినియం మిగిలే ప్రమాదం కూడా ఉంది. "ఆ రెండు చిక్కులూ లేకుండా వడకట్టే గుళికలు నేను తయారు చేస్తున్నాను." ఈ వాక్యం దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. గ్లాసుడు నీళ్లు పట్టుకొని వేదిక ఎక్కుతానంటుంది, నియమం ఒప్పుకోదు. మంచిదే, మాటలతో చూపించాల్సి వస్తుంది.

అంకె ఒక్కటి చాలు: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మన ప్రమాణాల్లో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి. రెండో అంకె వస్తే మొదటిది కూడా గుర్తుండదు.

సమయం ఇలా పంచుతాను: సమస్యకు 40 సెకన్లు, ఉన్న దారికి 30, సొంత పనికి 75, ఫలితం ఎవరికి చేరుతుందో చెప్పడానికి 20. మొత్తం 165. మిగతా 15 సెకన్లు గొంతు తడారినప్పటికీ, జనం నవ్వినప్పటికీ.

ఒప్పించాలనే ఉత్సాహంలో "పల్లెల కష్టం తీరిపోయింది" అనే వాక్యం వచ్చి చేరుతుంది. నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. "ప్రయోగశాలలో పనిచేసింది, బోరు నీటి మీద ఇంకా చూడాలి" అన్నవారినే న్యాయనిర్ణేతలు నమ్ముతారు.

మొత్తం బట్టీ పట్టనివ్వకండి. మొదటి, చివరి వాక్యాలు మాత్రం నోటికి రావాలి. సాధన మధ్యలో నేను కావాలనే స్టూలు పడేస్తాను, లేదా అటెండరును టీ తెమ్మని పిలుస్తాను. ఆగిపోయి "సారీ" అన్నవారు మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఆగకుండా సాగినవారికి ఆ టీ.

స్లైడు అన్నిటికన్నా చివర. చేతిపంపు బొమ్మ, కింద ఆ 1.5. లోగోలు, గైడు పేరు, "ధన్యవాదాలు" అక్కర్లేదు. గైడు పేరు తీసేయమంటే చాలామంది భయపడతారు. అందుకే ఆ మాట గైడే స్వయంగా చెప్పాలి.