అంబాసిడర్ వీల్ క్యాప్ ఊడిపోకుండా బిగించడం ఎలా?

పాత అంబాసిడర్‌కి మెరిసే క్రోమ్ క్యాప్ పెట్టాక వచ్చే అందమే వేరు, కానీ స్పీడ్ బ్రేకర్ దగ్గర అది టంగుమని ఎగిరి కాలవలో పడితే ఆ బాధ మామూలుగా ఉండదు. నాకు ఒకటి అలాగే పోయింది.

ముందు వీల్ నట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, క్యాప్ పెట్టాక అవి కనపడవు కదా. తర్వాత క్యాప్ అంచు పట్టుకునే చోట రిమ్ మీదున్న తుప్పు, మట్టి, పాత పెయింట్ పెచ్చులు వైర్ బ్రష్‌తో గీకేయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, క్యాప్ ఊడేది అక్కడే.

వెనక క్లిప్పులుంటే ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడండి, మెత్తబడినదాన్ని ప్లయర్‌తో కొంచెం, నిజంగా కొంచెమే, బయటికి వంచండి, ఎక్కువ వంచితే పుటుక్కుమంటుంది. గాలి కొట్టే వాల్వ్‌కి కన్నం ఉన్న రకమైతే ముందు ఆ కన్నం వాల్వ్‌కి ఎదురుగా వచ్చేలా సరిచూసుకుని, ఒక పక్క కూర్చోబెట్టి, ఎదుటి పక్క అరచేత్తో గుద్దండి. సుత్తి వాడాల్సి వస్తే రబ్బరుదే, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టి. క్యాప్ నడిమధ్యన మాత్రం కొట్టకండి, సొట్ట పడుతుంది.

కన్నాలున్న ప్లాస్టిక్ కవరైతే రిమ్ కన్నాల్లోంచి రెండు నల్ల కేబుల్ టైలు వేసేయండి, వాల్వ్‌కి, బ్రేక్ భాగాలకి తగలకుండా. సిలికాన్‌తో అతికించే ఆలోచన వద్దు, పంక్చరైన రోజు రోడ్డు మీద ఏడవాలి.

ఓ ఐదారు కిలోమీటర్లు తిప్పాక ఆపి, చేత్తో కదిపి చూడండి.