నారింజ చిలగడదుంప: తీగ నాటడం నుంచి పిల్లల కంచం దాకా

శివరాత్రికి ముందు సంతలో గుట్టలుగా పోసి అమ్మే చిలగడదుంపను ఒకటి తీసుకుని అడ్డంగా కోసి చూడండి. తెలంగాణలో కందగడ్డ అనీ మోరంగడ్డ అనీ, రాయలసీమలో గెనుసుగడ్డ అనీ పిలిచేది దీన్నే. తోలు ఎంత ఎర్రగా ఉన్నా లోపలి కండ చాలావరకు తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది. ఆ తెల్ల కండలో పిండిపదార్థం, పీచు, కొంత సి విటమిన్ ఉంటాయి గాని, మన శరీరం ఎ విటమిన్‌గా మార్చుకునే బీటా కెరోటిన్ దాదాపు ఉండదు. కండ పండిన గుమ్మడికాయలా నారింజ రంగులో ఉండే రకాల్లో అది దండిగా ఉంటుంది. నిజానికి ఆ రంగు బీటా కెరోటిన్ వల్ల వచ్చిందే.

గింజలోనో దుంపలోనో ఒక పోషకం సహజంగానే ఎక్కువగా పట్టేలా రకాలను ఎంపిక చేసి, సంకరపరచి తయారుచేయడాన్ని బయోఫోర్టిఫికేషన్ అంటున్నారు. రేషన్ దుకాణాల్లో ఇస్తూ వచ్చిన ఫోర్టిఫైడ్ బియ్యం సంగతి వేరు. అక్కడ ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి మరలో గింజ ఆకారంలో తయారుచేసిన దాన్ని వంద కిలోలకు కిలో చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. (కడిగేటప్పుడు తేడాగా కనిపించే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేసిన ఇళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు.) ఆ పద్ధతికి ఏటా మర నడవాలి, ఏటా డబ్బు రావాలి. చిలగడదుంపకైతే ఒకసారి మంచి తీగ చేతికి వస్తే, వచ్చే ఏడాది విత్తనం మీ పెరట్లోనే ఉంటుంది.

ఈ పని ఫలిస్తుందని ముందుగా పెద్ద ఎత్తున చూపింది ఆఫ్రికా దేశాలు. మొజాంబిక్, ఉగాండాల్లో నారింజ చిలగడదుంపను ఇంటింటికీ చేర్చినందుకు మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురికీ, బయోఫోర్టిఫికేషన్‌ను ఒక ఉద్యమంగా నడిపిన హోవర్త్ బౌయిస్‌కూ కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. అక్కడ తీగలు పంచి ఊరుకోలేదు, పిల్లలకు ఎలా వండి పెట్టాలో తల్లులకు నేర్పారు. నా దృష్టిలో ఆ రెండో సగమే అసలు పని, ఎందుకంటే పొలంలో పట్టిన పోషకం కోతలోనూ నిల్వలోనూ వంటలోనూ కొంత కొంత పోతూనే ఉంటుంది.

రకం, తీగ

మన దేశంలో ఈ దుంపల మీద పరిశోధన చేసేది తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ. దానికి భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2017లో విడుదలైన భూ సోనా రకం వారిదే. నూరు గ్రాముల పచ్చి దుంపలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుందని, హెక్టారుకు 19.8 టన్నుల దిగుబడి వస్తుందని ప్రకటించారు. అంతకుముందు వచ్చిన శ్రీ కనక రకం కండ కూడా ముదురు నారింజ రంగే. వంగపండు రంగు కండ ఉండే భూ కృష్ణను చూసి ఇదీ ఎ విటమిన్ కోసమేనని పొరబడవద్దు; ఆ రంగు ఆంథోసయనిన్ అనే వేరే పదార్థానిది.

తీగల కోసం దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా అడగడం మంచిది. పట్టణాల మార్కెట్లలో నారింజ కండ దుంప దొరికితే దాన్నే మొలకెత్తించవచ్చు గాని, కొనేటప్పుడు తోలు రంగును నమ్మకండి. మొదటి ఏడాది నేను ఎర్ర తోలు చూసి మురిసిపోయి రెండు కిలోలు తెచ్చి ఇసుకలో పాతాను. నాలుగు నెలలు నీళ్లు పోసి తవ్వితే వచ్చింది సంతలో దొరికే తెల్ల దుంపే. ఇప్పుడు ప్రతి దుంపనూ కొస దగ్గర వేలి మందం కోసి, రంగు చూశాకే పాతుతున్నాను. తడి ఇసుకలో అడ్డంగా పడుకోబెట్టి రెండు అంగుళాల మేర కప్పితే, నాలుగు నుంచి ఆరు వారాల్లో తీగలు కోసుకునే ఎత్తుకు వస్తాయి.

నాటడం

అర సెంటు పెరడు, అంటే దాదాపు 20 చదరపు మీటర్లు, ఉందనుకుందాం. నీళ్లు నిలవని, గుల్లగా ఉండే నేల కావాలి. బాగా మాగిన పశువుల ఎరువు పది కిలోలు చల్లి, మట్టిని గుల్ల చేసి, బోదెకూ బోదెకూ మధ్య 60 సెంటీమీటర్లు ఉండేలా బోదెలు తోలాలి. బోదె మీద 20 సెంటీమీటర్లకు ఒక తీగ ముక్క చొప్పున 165 ముక్కల దాకా పడతాయి.

ముదురు మొదలు కంటే తీగ కొస భాగం బాగా వేరూనుతుంది, పురుగు గుడ్లు ఉండే అవకాశమూ అక్కడ తక్కువ. జానెడు నుంచి జానెడున్నర పొడవున, నాలుగైదు కణుపులు ఉండేలా కోసి, ఆకులు తీయకుండానే కట్టలు కట్టి, తడి గోనె సంచి కప్పి నీడ పట్టున రెండు రోజులు ఉంచితే కణుపుల దగ్గర తెల్లని వేరు మొటిమలు కనిపిస్తాయి. అప్పుడు రెండు మూడు కణుపులు మట్టిలోకి వెళ్లేలా ఏటవాలుగా నాటి, నాటు వేసిన వారం పది రోజులు తేమ ఆరకుండా చూడాలి.

కాలం గురించి మన పంచాంగమే ఒక సౌకర్యం చూపుతోంది. భూ సోనా 105 నుంచి 110 రోజుల పంట. నాగుల చవితికీ కార్తీక పున్నమికీ మధ్య నాటిన తీగ సరిగ్గా మాఘ బహుళ చతుర్దశి నాటికి, అంటే శివరాత్రికి, తవ్వడానికి వస్తుంది. అయితే అంతా ఒకేసారి నాటితే అంతా ఒకేసారి వస్తుంది, మన వేడికి తాజా దుంప కొన్ని వారాలకు మించి నిలవదు. అందువల్ల పెరటిని మూడు భాగాలు చేసి రెండేసి వారాల తేడాతో నాటుకోవడం మేలు.

ఎరువు విషయంలో చేయి బిగించి ఉంచాలి. యూరియా ఎక్కువైతే తీగ పందిరిలా పాకుతుంది గాని కింద దుంప ఊరదు; ఈ పంటకు పొటాష్ అవసరం ఎక్కువ కనుక కట్టెల బూడిద ఉంటే బోదెల్లో కలపండి. నెలకోసారి కలుపు తీసి మట్టి ఎగదోయాలి. పాకిన తీగలు కణుపుల దగ్గర వేరూని పనికిరాని పిల్ల దుంపలు పెట్టకుండా అప్పుడప్పుడు ఎత్తి తిప్పి వేయాలి.

ఈ పంటకు అసలు శత్రువు ముక్కుపురుగు. బోదె ఎండి నెర్రెలు విచ్చితే ఆ నెర్రెల్లోంచి దిగి దుంపలో గుడ్లు పెడుతుంది, లోపల పిల్ల పురుగు సొరంగాలు తొలుస్తుంది. అందుకే మట్టి ఎగదోయడాన్ని అందం కోసం చేసే పనిగా తీసుకోకూడదు, నెర్రె కనిపించిన రోజే కప్పాలి. లింగాకర్షక బుట్టలు పెడితే మగ పురుగులు పడతాయి. అదే చోట వరుసగా రెండోసారి వేయకుండా మార్చడం, తవ్వాక మిగిలిన ముక్కలు ఏరి తీసేయడం వాటికంటే చవకైన ఉపాయాలు. పురుగు తొలిచిన దుంప చేదెక్కుతుంది. ఆ చేదు భాగంలో పుట్టే విషపదార్థాలు పశువుల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి కనుక, పనికిరానివే కదా అని గొడ్లకు వేయకండి.

తవ్వే వేళ

ఆకులు పసుపు తిరగడం ఒక గుర్తు. అంతకంటే నమ్మకమైన పరీక్ష కత్తితో చేసేది: ఒక దుంపను తవ్వి కోస్తే పాలు వస్తాయి, ఆ పాలు తెల్లగానే ఆరిపోతే దుంప ముదిరినట్టు, ఆకుపచ్చగానో నల్లగానో మారితే ఇంకా లేతదన్నమాట. ముదిరాక ఆలస్యం చేస్తే మిగిలేది ముక్కుపురుగుకే. గునపం తగలకుండా తవ్వి, కడగకుండా మట్టి దులిపి, గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు ఆరబెడితే గాట్లు మానుతాయి. ఎండలో మాత్రం పరచకండి.

వంట

బీటా కెరోటిన్‌ను వెలుతురు, గాలి, ఎక్కువ సేపు తగిలే వేడి తినేస్తాయి. ముక్కలు కోసి ఎండబెట్టి పిండి పట్టించి దాచుకుంటే పోయేది ఎక్కువ. మిగిలేది ఎక్కువ కావాలంటే దుంపను తోలుతో, కోయకుండా, కొద్ది నీళ్లు పోసి మూతపెట్టి ఉడికించాలి; ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికిస్తే ఇంకా సుఖం. తోలు ఉడికాక వలిచేయవచ్చు. అలా వండితే అయిదింట నాలుగు వంతుల దాకా దక్కుతుంది.

రెండో నియమం చిన్నదే గాని చాలామంది మరిచేది ఇదే: ఈ పదార్థం కొవ్వులో కరిగితేనే పేగు లోపలికి ఇంకుతుంది. ఉత్త దుంప ఉడికించి పెడితే చాలావరకు వచ్చినట్టే బయటికి పోతుంది. ఒక చెంచాడు నెయ్యి గాని, నూనె గాని, దంచిన వేరుశనగ గాని కలపండి. ఆరు నెలలు నిండిన పసివాళ్లకు మెత్తగా చిదిమి నెయ్యి వేసి పెట్టవచ్చు. పెద్ద పిల్లలకు చపాతీ పిండిలోకి చిదిమి కలపడం, బూరెల పూర్ణంలో శనగపప్పుతో పాటు వేయడం, దప్పళంలో ముక్కలుగా వేసి పోపు పెట్టడం మా ఇంట్లో నడిచిన మార్గాలు. ఒక మాట దాచకూడదు: నారింజ రకం తెల్లదానిలా పొడిపొడిగా ఉండదు, కాస్త ముద్దగా ఉంటుంది, తీపీ తగ్గవచ్చు. పెద్దవాళ్లు మొదట ముఖం చిట్లిస్తారు. పిల్లలు రంగు చూసి తింటారు.

ఎంత పెట్టాలి

లెక్క మీరే వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 510 మైక్రోగ్రాముల ఎ విటమిన్ కావాలి. ఆహారంలోని పన్నెండు మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌కు ఒక మైక్రోగ్రాము ఎ విటమిన్ లెక్కన, నూరు గ్రాముల భూ సోనాలోని 14 మిల్లీగ్రాములు దాదాపు 1,160 మైక్రోగ్రాములవుతాయి. వంటలో అయిదో వంతు పోయిందనుకున్నా 900 పైనే మిగులుతుంది. అంటే 60 గ్రాములు సరిపోవాలి. మన నేల, మన తీగ పుస్తకంలో ఉన్నట్టే ఉండవు కనుక నేను 75 గ్రాములు అనుకుంటాను, ఒక నడితరం దుంపలో సగం. రంగు పాలిపోయిన దుంపైతే ఇంకాస్త పెంచాలి. ఎ విటమిన్ కాలేయంలో నిల్వ ఉంటుంది కనుక రోజూ కుదరకపోయినా వారంలో మూడు నాలుగు సార్లు పెడితే వృథా కాదు. దక్షిణాఫ్రికాలో బడిపిల్లలకు ఉడికించి చిదిమిన నారింజ దుంపను రోజుకు 125 గ్రాముల చొప్పున 53 బడి దినాలు పెట్టి చూసినప్పుడు వారి కాలేయ నిల్వలు మెరుగుపడ్డాయి.

ప్రకటించిన దిగుబడి ప్రకారం అర సెంటులో 40 కిలోలు రావాలి. పెరటి సేద్యంలో సగమే వచ్చిందనుకుంటే 20 కిలోలు. ఇద్దరు పిల్లలకు కలిపి రోజుకు 150 గ్రాముల చొప్పున, తూకం లెక్కన అది నాలుగు నెలలకు మించి వస్తుంది, తాజా దుంప అంతకాలం నిలవకపోయినా.

ఎక్కువ తింటే అరచేతులు కొద్దిగా పసుపుబారవచ్చు, కామెర్లని కంగారు పడనక్కరలేదు. కళ్లలోని తెలుపు పసుపుగా మారకపోతే అది కెరోటిన్ రంగే, తగ్గిస్తే పోతుంది. మందు రూపంలోని ఎ విటమిన్ మోతాదు మించితే హాని జరుగుతుంది గాని, దుంపలోని బీటా కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది. అలాగని తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి పోసే ఎ విటమిన్ ద్రావణాన్ని మానవద్దు. సాయంత్రమయ్యేసరికి బిడ్డ వస్తువులకు తగిలి పడుతూ ఉంటే అది రేచీకటి కావచ్చు. దుంప పంట కోసం ఆగకుండా ఆ రోజే వైద్యుడికి చూపాలి. ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లు దీన్ని కూరగాయగా లెక్కపెట్టకుండా, అన్నం తగ్గించి ఆ చోట తినాలి.

ఇనుము, జింక్ లోటుకు వేరే పంటలున్నాయి: పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి 2014లో వచ్చిన ధనశక్తి సజ్జ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ తెచ్చిన జింక్ ఎక్కువ ఉండే డీఆర్ఆర్ ధాన్ 45. వాటి సేద్యం, వంట పూర్తిగా వేరు.

తీగను నిలుపుకోవడం

తవ్విన రోజే ఆరోగ్యంగా ఉన్న కొసలు ముప్పై నలభై కోసి, నీళ్ల తొట్టి దగ్గరో బావి గట్టునో మధ్యాహ్నం నీడ పడే చోట నాటాలి. వేసవంతా వారానికి రెండుసార్లు తడిపితే చాలు. పక్కనే తెల్ల రకం ఉన్నా నారింజ రకం చెడిపోదు, ఎందుకంటే మనం గింజ నాటడం లేదు, తీగనే నాటుతున్నాం. కలగలుపు జరిగేది మన చేతుల వల్లే. ఆకులు చూసి రెండింటినీ పోల్చుకోవడం కష్టం. అందుకే కోసిన కట్టకు అప్పుడే ఒక రంగు గుడ్డ పేలిక కట్టి, నాటిన చోట కర్ర పాతి దానికీ అదే పేలిక చుట్టండి. తొలకరికి పొరుగింటి వాళ్లు తీగలడిగితే ఆ కర్ర దగ్గరి నుంచే కోసి ఇవ్వవచ్చు.