ఐరన్ మాత్ర వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదా?

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, తక్కువేం కాదు. అయినా రిపోర్టులో అంకె కదలకపోతే, ఆ మాత్ర ఎప్పుడు, దేనితో కడుపులోకి వెళ్తోందో ముందు చూడాలి.

సమస్య: మాత్ర ఒక్కరోజూ మానలేదు, రక్తం మాత్రం 9 దగ్గరే ఉంది

కారణం: చాలా ఇళ్లలో టీయే. టిఫిన్, మాత్ర, ఆ వెంటనే టీ. టీ, కాఫీల్లోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. పాలూ అడ్డమే. మాత్ర వేడి చేస్తుందని పాలతో మింగించే పెద్దవాళ్లున్నారు, ప్రేమతోనే అనుకోండి. మర్చిపోతామని కాల్షియం మాత్ర కూడా కలిపి మింగేవాళ్లు ఇంకా ఎక్కువ.

పరిష్కారం: కాల్షియం రోజుకు రెండు రాసుంటే ఒకటి టిఫిన్‌తో, ఒకటి రాత్రి అన్నంతో. ఐరన్ మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, నిమ్మకాయ నీళ్లతో. టీ మానక్కర్లేదు, ఇంకో గంట ఆగి తాగండి.

తిండిలోనూ ఇదే సూత్రం. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి, ఉడికించిన పెసలు తిన్నాక జామకాయ ముక్క తినండి. బీట్‌రూట్ రంగు చూసి మోసపోవద్దు, అందులో ఐరన్ కొంచెమే. చేప, మాంసంలోది తేలిగ్గా ఒంటపడుతుంది. కార్జం మాత్రం డాక్టరును అడక్కుండా తినొద్దు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

సమస్య: వేసుకోగానే వికారం

పరగడుపున పడకపోవడం మామూలే. మాత్ర మానేసే బదులు తిన్న వెంటనే వేసుకోండి. కాస్త తక్కువ పట్టినా నయమే. రాత్రి పడుకునేముందు కూడా వేసుకోవచ్చు, అప్పుడు రాత్రి కాల్షియాన్ని సాయంత్రానికి జరపండి.

సమస్య: విరేచనం నల్లగా, గట్టిగా

నలుపు ఐరన్ వల్లే, భయం లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం చూపించుకోవాలి. గట్టిపడితే నీళ్లు, ఆకుకూరలు, పండ్లు పెంచండి. తగ్గకపోతే మాత్ర మార్చమని అడగండి.

సమస్య: పచ్చి బియ్యం, బలపం, మట్టి తినాలనిపించడం

కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని నవ్వేసి వదిలేస్తారు. చాలాసార్లు అది ఐరన్ లోటుకు గుర్తు. పైగా మట్టి ఉన్న ఐరన్‌నూ పట్టనివ్వదు, దాంతోపాటు పురుగుల గుడ్లు లోపలికి పోతాయి. సిగ్గుపడకుండా ఏఎన్ఎంకు చెప్పండి. నులిపురుగుల మందు మూడు నెలలు దాటాక, వాళ్లిస్తేనే.

ఇవన్నీ సరిచేసినా నెలకి ఏమీ పెరగకపోతే

లోటు ఐరన్‌ది కాకపోవచ్చు. శాకాహారులు విటమిన్ బి12 పరీక్ష చేయించుకోవాలి. పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులైన సికిల్ సెల్, తలసీమియా పరీక్షల గురించీ డాక్టరును అడగండి. 7 కంటే తగ్గినా, నాలుగడుగులకే ఆయాసమొచ్చినా, గుండె దడదడలాడినా తిండితో సరిచేద్దామని కూర్చోవద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.