ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఎక్కడ బిగించాలి? ముందు మీ చేతిని అడగండి

మా టిఫిన్ ట్రైలరు పొడవు 16 అడుగులు, ఇరుసులు రెండు. దోసె పెనం, గ్రైండర్లు, ఫ్రిజ్, రెండు గ్యాస్ సిలిండర్లు, 40 గ్యాలన్ల నీళ్లు అన్నీ ఎక్కించి తూకం వేయిస్తే 6,400 పౌండ్లు తేలింది. శనివారాలు దాన్ని టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో తీసుకువెళతాం. బతుకమ్మ, దీపావళి రోజుల్లో హ్యూస్టన్ దాకా వెళతాం. లాగేది 2014 టయోటా టండ్రా పికప్. నడిపేది ఒక వారం మా ఆయన, ఒక వారం నేను. ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదడుగుల ఒక అంగుళం. ట్రైలరు బ్రేకులను నడిపించే కంట్రోలర్‌కు చోటు ఎంచుకోవడంలో మాకు ఎదురైన చిక్కంతా ఈ పదకొండు అంగుళాల తేడాలోనే ఉంది.

మా తెనాలి వైపు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ట్రక్కు అంటాం. ధాన్యం బస్తాలతో వెళ్లే ఆ ట్రక్కుకు విడిగా బ్రేకులు ఉండడం చిన్నప్పుడు నేను చూడలేదు. ట్రాక్టరు ఆగితే అదీ ఆగేది, వేగం తక్కువ కనుక సరిపోయేది. ఇక్కడ దాదాపు మూడు టన్నుల బరువు గంటకు 65 మైళ్ల వేగంతో మన వీపు వెనక వస్తుంటుంది. టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటి హైవే ఎక్కే ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండాలని చట్టం. మాలాంటి ట్రైలర్లకు ఎక్కువగా ఉండేవి విద్యుత్ బ్రేకులు. చక్రం డ్రమ్ములో ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి కరెంటు అందగానే తిరిగే డ్రమ్మును అంటుకుని, లోపలి ఒక కడ్డీని లాగి, బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. ఎంత కరెంటు పంపాలో తేల్చే చిన్న పెట్టే కంట్రోలర్. కొత్త పికప్‌లలో చాలావాటికి అది కంపెనీలోనే అమర్చి వస్తుంది. మాలాంటి పాత బండికి మనమే కొని, మనమే చోటు చూసుకోవాలి.

చోటు గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. మామూలుగా బ్రేకు పెడల్ తొక్కినప్పుడు కంట్రోలర్ తన పని తాను చేసుకుంటుంది, దాన్ని ముట్టుకోనక్కర లేదు. కానీ దాని ముఖం మీద ఒక మీట ఉంటుంది. అది జరిపితే పికప్‌కు బ్రేకు పడకుండా ట్రైలరుకు మాత్రమే పడుతుంది. ట్రైలరు పాములా అటూ ఇటూ ఊగడం మొదలైతే మనల్ని కాపాడేది ఆ మీటే. అప్పుడు పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, మీటను కొద్దికొద్దిగా జరపాలి. వెనక నుంచి ఎవరో తోక పట్టి లాగినట్టు ట్రైలరు తిన్నబడుతుంది.

మా కంట్రోలర్‌ను మొదట ఒక దుకాణంలో బిగించారు. స్టీరింగ్ కాలమ్‌కు ఎడమవైపు, తలుపు దగ్గర, డ్యాష్‌బోర్డు కింది అంచుకు. అక్కడ రెండు స్క్రూలు సులువుగా పడతాయి, వైరు దగ్గర, పని తొందరగా అయిపోతుంది. మా ఆయనకు ఇబ్బంది కూడా కలగలేదు, ఆయన సీటు వెనక్కి ఉంటుంది, చేయి పొడవు. నేను సీటు ముందుకు జరుపుకుంటే మాత్రం పెట్టె నా ఎడమ మోకాలికి ఆనేది, మీట మోకాలి చాటుకు పోయేది. ఒక అక్టోబరు సాయంత్రం ఐ-45 హైవే మీద కోర్సికానా ఊరు దాటాక ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. ఆ గాలి తోపుకు ట్రైలరు ఊగింది. నా ఎడమ చేయి స్టీరింగ్ వదిలి మోకాలి కింద మీట కోసం వెతికింది. దొరికింది, ట్రైలరు కుదుటపడింది. ఆ వెతుకులాట రెండు సెకన్లయినా ఉంటుంది. 65 మైళ్ల వేగంలో రెండు సెకన్లంటే 190 అడుగులు. ఇంటికి వచ్చిన మర్నాడే దాన్ని ఊడదీశాం.

రెండోసారి మేం స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టలేదు. ఖాళీ సబ్బు పెట్టె ఒకటి, కాగితపు టేపు చుట్ట ఒకటి తీసుకున్నాం. సబ్బు పెట్టె దాదాపు కంట్రోలర్ అంత ఉంటుంది.

మీరూ అలాగే చేయండి. ఇంటి ముందు ఆపిన పికప్‌లో, నడిపేటప్పుడు వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, సీటు మీకు సరిపోయేలా జరుపుకుని, బెల్టు పెట్టుకుని కూర్చోండి. బెల్టు తప్పనిసరి, అది లేకుండా ఒళ్లు ముందుకు వంగి చేయి అబద్ధం చెబుతుంది. ఎదురుగా చూస్తూ, తల దించకుండా, కుడి చేతిని స్టీరింగ్ నుంచి తీసి, మోచేయి చాపకుండా, సహజంగా కిందికి పోనివ్వండి. వేళ్లు తగిలిన చోట చిన్న టేపు ముక్క అంటించండి. మళ్లీ చేయి స్టీరింగ్ మీద పెట్టి, మళ్లీ దించండి. ఇలా అయిదారు సార్లు. మొదటి రెండు సార్లు మనం ఆలోచించి పెడతాం, ఆ తర్వాతే చేయి తన అలవాటు చూపిస్తుంది. బండి నడిపే రెండో మనిషి కూడా సీటు తమకు తగ్గట్టు మార్చుకుని ఇదే చేయాలి, వేరే రంగు టేపుతో. మా ఆయనవి నీలం ముక్కలు, నావి తెలుపు. రెండు రంగులూ కలిసిన చోటు స్టీరింగ్ కాలమ్‌కు కుడివైపు, రేడియో కిందుగా, అరచేయంత మేర ఉంది. ఇద్దరిలో పొట్టివారి మోకాలిని, ఇద్దరి చేతులను లెక్కలోకి తీసుకుంటే చోటు దాదాపు తేలిపోయినట్టే.

కుడి చేయే ఎందుకంటే, ఇక్కడి బండ్లలో గేరు, రేడియో, ఫ్యాన్ అన్నీ కుడివైపే ఉంటాయి. అటువైపు వెళ్లడం కుడి చేతికి రోజూ అలవాటు. ఎడమవైపు చోటు తలుపు తీసి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాలికి తగిలే చోటు కూడా. మా పాత కంట్రోలర్ మూల ఎన్నిసార్లు నా మోకాలి చిప్పకు తగిలిందో లెక్క లేదు.

ఇక సబ్బు పెట్టెను ఆ చోట టేపుతో అంటించి నాలుగు రోజులు మామూలుగా బండి నడపండి. ఎక్కండి, దిగండి, పిల్లల్ని బడిలో దించండి. గేరు లివర్‌ను అన్ని స్థానాల్లోనూ తిప్పి చూడండి, పెట్టెకు తగలకూడదు. కప్పు పెట్టుకునే చోటు, ఛార్జర్ సాకెట్, పార్కింగ్ బ్రేకు విడిచే పిడి, బానెట్ తీసే పిడి, మెకానిక్ కంప్యూటర్ తగిలించే ఓబీడీ సాకెట్ మూసుకుపోకూడదు. హీటరు గాలి నేరుగా పెట్టె మీదికి రాకూడదు. నేను మొదట అనుకున్న చోటు రెండో రోజుకే రెండు అంగుళాలు పైకి జరిగింది. టీ కప్పు తీస్తుంటే పెట్టె అడ్డం వచ్చింది మరి. ఆ రెండు అంగుళాలు రంధ్రాలు పెట్టాక తెలిసి ఉంటే బాధపడేదాన్ని.

ఎయిర్‌బ్యాగ్ సంగతి మాత్రం మిగతావాటితో కలిపి చెప్పే విషయం కాదు. మా టండ్రాలో డ్రైవరు మోకాళ్ల ఎదుట, స్టీరింగ్ కాలమ్ కింద ప్యానెల్ వెనక ఒక ఎయిర్‌బ్యాగ్ ఉంది. పక్క సీటు మోకాళ్లకూ ఒకటి ఉంది. చాలా పికప్‌లలో ఆ ప్యానెల్ మీద ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. దాని మీద స్క్రూ పెట్టకూడదు, టేపుతో కూడా ఏదీ అంటించకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ పెట్టె రాయిలా మనిషి మీదికి వస్తుంది. మీ బండి పుస్తకంలో ఎయిర్‌బ్యాగ్‌ల బొమ్మ ఉంటుంది, అది తెరిచి పెట్టుకుని చోటు చూడండి. ఎయిర్‌బ్యాగ్ లేని బండిలోనూ మోకాలికి ఎదురుగా గట్టి అంచు ఉండకుండా చూసుకోవాలి. ప్రమాదంలో మోకాళ్లు ముందుకే వెళతాయి. మేం ఆ ప్యానెల్ అంచు పూర్తిగా దాటాకే, కుడివైపు ప్లాస్టిక్ మీద బిగించాం.

తర్వాత చూడాల్సింది పెట్టె ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నది. కంట్రోలర్లు రెండు రకాలు. ఒక రకం బ్రేకు పెడల్ తొక్కగానే, ముందే పెట్టుకున్న లెక్క ప్రకారం కరెంటును క్రమంగా పెంచుతుంది. అది ఎటు తిరిగి ఉన్నా ఫరవాలేదు. రెండో రకంలో వేగం ఎంత జోరుగా తగ్గుతున్నదో కొలిచే సెన్సర్ ఉంటుంది. పికప్ ఎంత గట్టిగా ఆగుతుంటే ట్రైలరు బ్రేకూ అంత గట్టిగా పడుతుంది. మాది ఈ రకమే, టెకాన్షా ప్రాడిజీ పీ3. ట్రైలరు నిండా నూనె డబ్బాలు, నీళ్లు ఉన్నవాళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం, ఆగడం మెత్తగా ఉంటుంది. కానీ ఈ సెన్సర్‌కు ముందు ఏదో వెనక ఏదో సరిగ్గా తెలియాలి. పెట్టె బండి పొడవుకు సమాంతరంగా ఉండాలి, కుడికో ఎడమకో ఒరగకూడదు. ట్రైలరు బ్రేకుకు ఎంత శక్తి పోతోందో చూపే అంకెలు బాగా కనిపిస్తాయని చాలామంది దాన్ని డ్రైవరు వైపు వంకరగా తిప్పి బిగిస్తారు. ఈ రకానికి అది తగదు. పైకీ కిందికీ ఎంత వంచవచ్చో ఒక్కో తయారీకి ఒక్కో హద్దు ఉంది, డబ్బాలో వచ్చే కాగితంలో బొమ్మ వేసి చూపిస్తారు. పారేయకుండా ఆ కాగితాన్ని చూడండి. టూ-వే రేడియోలు, ఫోను స్టాండు వంటివాటికి కొంచెం ఎడంగా ఉంచడం కూడా మంచిది.

బిగించే ప్లాస్టిక్ గట్టిగా ఉందా అని బొటనవేలితో నొక్కి చూడండి. లోపలికి పోయి తిరిగి వచ్చేలా ఉంటే ఆ చోటు వద్దు. గతుకుల్లో పెట్టె ఊగితే సెన్సర్‌కు అదీ కదలికగానే అందుతుంది. మీట జరిపినప్పుడు ప్యానెల్ వెనక్కి పోతే చేతికి పట్టూ ఉండదు. డ్యాష్‌బోర్డు పైన రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టడం చూశాను. టెక్సాస్ ఆగస్టు ఎండలో ఆ టేపు జిగురు కారిపోతుంది. పైగా రాత్రిళ్లు అంకెల వెలుగు అద్దంలో పడి కళ్లకు అడ్డం వస్తుంది.

అంకెలు కనిపించాలి కానీ, వాటి కోసం మీట దూరం కాకూడదు. రెంటిలో ఒకటే కుదిరితే నేను మీటనే ఎంచుకుంటాను. అంకెలు బయలుదేరే ముందు చూసుకోవచ్చు.

పెట్టెకు ఎక్కడా చోటు దొరకకపోతే, రెడార్క్ కంపెనీ కంట్రోలర్ల వంటివాటిలో అసలు పెట్టె డ్యాష్‌బోర్డు వెనక దాగి ఉంటుంది, పైకి ఒక గుండ్రటి బొత్తాం మాత్రమే కనిపిస్తుంది. ఖాళీ స్విచ్ చోటులో అది ఇమిడిపోతుంది. ఇరుకు బండికి అది చక్కటి దారి. ఫోనులో నడిపే రకాలూ వచ్చాయి. చూడకుండా వేలితో తడిమి పట్టుకోగలిగింది ఫోను తెర మీద ఏదీ ఉండదు కనుక నాకు వాటి మీద మనసు పోలేదు.

వైర్ల గురించి కొద్దిగా. లాగుడు సామగ్రితో వచ్చిన బండ్లకు డ్యాష్‌బోర్డు కిందే కంట్రోలర్ కోసం ఒక సాకెట్ ఉంటుంది, మీ బండికి సరిపడే వైరు కొని గుచ్చడమే. అది లేని బండిలో మామూలుగా నాలుగు వైర్లు: నలుపు బ్యాటరీకి, తెలుపు ఎర్త్‌కు, ఎరుపు బ్రేకు లైటు స్విచ్‌కు, నీలం వెనక ట్రైలరు బ్రేకులకు. ఈ పని తెలియకపోతే తెలిసినవారి చేత చేయించండి. ఎవరు చేసినా, ఎంచుకున్న చోటికి వైరు లాగకుండా అందాలి, పెడళ్ల మీదుగా వేలాడకూడదు.

రంధ్రం పెట్టే ముందు ప్యానెల్ వెనక ఏముందో చూడాలి. కింది నుంచి ఫోను దూర్చి, లైటు వేసి వీడియో తీశాను. సరిగ్గా మేం గీత గీసిన చోట, అంగుళం వెనక, వేలెడు లావు వైర్ల కట్ట పోతోంది. బ్రాకెట్‌ను అర అంగుళం ఎడమకు జరిపాం. డ్రిల్ బిట్‌కు కొన నుంచి పావు అంగుళం వదిలి టేపు చుట్టాను, టేపు ప్లాస్టిక్‌ను తాకగానే ఆగాలి. పొట్టి స్క్రూలే వాడాం. ముందు బ్రాకెట్ ఒక్కటే బిగించి, పెట్టె అందులో పెట్టి, మరోసారి బెల్టుతో కూర్చుని చేయి దించి చూశాను. తగిలింది. అప్పుడు మిగతా స్క్రూలు వేశాం.

ట్రైలరు తగిలించాక, కదలకముందే, మీట జరిపి మా ఆయన్ని వెనక నిలబడమన్నాను. ట్రైలరు బ్రేకు లైట్లు వెలిగాయి. తర్వాత ఖాళీగా, పొడిగా, చదునుగా ఉన్న దారిలో గంటకు 25 మైళ్ల వేగంతో వెళుతూ మీట పూర్తిగా జరపాలి. ట్రైలరు పికప్‌ను గట్టిగా వెనక్కి పట్టి ఆపాలి కానీ దాని చక్రాలు బిగుసుకుని జారకూడదు. జారితే కంట్రోలర్‌లో శక్తి తగ్గించండి, పట్టు చాలకపోతే కొంచెం పెంచండి. బరువు మారినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి. మా ట్రైలరు నీళ్ల తొట్టి ఖాళీ అయితేనే 330 పౌండ్ల దాకా తగ్గుతుంది.

అదే ఖాళీ స్థలంలో మా ఆయన పక్క సీట్లో కూర్చుని, చెప్పకుండా ఉన్నట్టుండి 'ఇప్పుడు' అనేవారు. నేను రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా మీట అందుకోవాలి. పదిసార్లలో పదిసార్లూ అందింది. తర్వాత సీట్లు మార్చుకున్నాం, ఆయనకూ అందింది. మొదటి హ్యూస్టన్ ప్రయాణం అయి వచ్చాక బ్రాకెట్ స్క్రూలు ఒకసారి తిప్పి చూస్తే ఒకటి అర చుట్టు వదులైంది, మళ్లీ బిగించాను. ఎడమవైపు పాత రంధ్రాలు రెండింటికీ నల్లటి రబ్బరు బిరడాలు పెట్టాం.