మధ్యాహ్నపు మందకొడితనానికి నేను చేసుకున్న ఏర్పాటు

ఇంటి నుంచే అనువాదాలు చేసే నాకు భోజనం తర్వాత రెండు నుంచి నాలుగు గంటల వరకు పేజీ ముందుకు కదిలేది కాదు. ఆ వేళ చురుకుదనం తగ్గడం చాలావరకు శరీరంలోని జీవగడియారం పనేననీ, భోజనం మానేసినా అది పూర్తిగా పోదనీ చదివాక, గడియారంతో పోట్లాడటం మానేశాను. (ఆ గడియారం అణుస్థాయిలో ఎలా నడుస్తుందో పండ్ల ఈగల మీద పరిశోధించి తేల్చిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.)

ముందుగా, ఏ గంటలో ఎన్ని పంక్తులు పూర్తయ్యాయో పాత డైరీలో రాసుకుంటూ వచ్చాను. తెల్లవారుజామున, పాలవాడు వచ్చేలోపు చేసిన పనిలో కొట్టివేతలు బాగా తక్కువని తేలడంతో, కష్టమైన అధ్యాయాలన్నీ ఆ వేళకు జరిపి, పదాల పట్టికలు సరిచూడటం, బిల్లులు పంపడం వంటివి మధ్యాహ్నానికి వదిలాను. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక మూడు దాటాక కాఫీ ముట్టను.

ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి (గంట మోగేదాకా ఒకే పని చేసి, కాసేపు విరామం తీసుకోవడం) పెట్టే 25 నిమిషాల గడువు నాకు నప్పలేదు. వాక్యం కుదురుకునే వేళకే గంట మోగేది. 50 నిమిషాలు పెట్టుకున్నాక కుదిరింది. అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చింది మాత్రం, రోజు చివర పేరా ముగించకుండా వాక్యం మధ్యలోనే ఆపడం: మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలన్న తర్జనభర్జన ఉండదు. చుట్టాలొచ్చిన రోజున ఒక్క పేరాతో సరిపెట్టుకుంటాను.