చిన్నపిల్లలకు బంతి విసరడం, పట్టడం నేర్పే పద్ధతి

పరుగెత్తడం పిల్లలకు వాళ్లంతట వాళ్లకే వస్తుంది. బంతి విసరడం, పట్టడం అలా రావు. ఎవరో ఒకరు చేసి చూపించి, తప్పు దిద్ది, వందలసార్లు చేయించాలి. ఇవి రాని పిల్లలే కాస్త పెద్దయ్యాక ఆటకు రమ్మంటే వెనకడుగు వేస్తారు.

ముందు బంతుల సంగతి. 30 మందికి ఒకే బంతి ఇచ్చి వరుసలో నిలబెడితే, ఒక్కొక్కరికి 10 సెకన్లు వేసుకున్నా మళ్లీ వంతు రావడానికి 5 నిమిషాలు. అరగంటలో ఒక్కొక్కరు విసిరేది ఆరుసార్లు! 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వరుసలో నిలబడ్డ సమయం అందులోకి రాదు. ఇద్దరికో బంతి ఉండాల్సిందే. పాత సాక్సులో గుడ్డపీలికలు కూరి మూతి బిగించి కట్టండి. పిడికిట్లో ఇమిడేంత చాలు. అది దూరం దొర్లిపోదు, తగిలినా నొప్పి పుట్టదు.

గోడకు 5 మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. కుడిచేతి వాటం పిల్లలు ఎడమ భుజం గోడవైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడాలి. బంతి ఉన్న చేతిని కిందికి దించి, వెనకనుంచి పైకి తేవాలి. ఎడమకాలు ముందుకు పడగానే నడుము తిరగాలి, దాని వెంట భుజం, ఆఖరున చెయ్యి. బంతి వదిలాక చెయ్యి గాల్లో ఆగిపోకుండా ఎడమ తుంటి దాకా రావాలి. ఎడమచేతి వాటమైతే ఇదంతా తిరగేసి చెప్పండి.

ఎక్కువగా కనిపించే తప్పు, కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేయడం. అలా చేస్తే నడుము తిరగదు, బంతికి మోచేతి బలం ఒక్కటే అందుతుంది. "ఎడమ! ఎడమ!" అని అరిస్తే ఆరేళ్ల పిల్లలు తికమకపడతారు. ఆ కాలికి ఎర్ర రిబ్బను కట్టి, వేయాల్సిన చోట నేలమీద ఎర్ర గుర్తు పెట్టి, "రిబ్బను కాలు గుర్తు మీదకి" అనండి.

మొదటిరోజే గురి పెట్టి కొట్టమనకండి. గురి తప్పుతుందేమోనని ఒళ్లు బిగించి, చేతిని మాత్రమే కదుపుతారు. గోడ ధబ్బుమనేలా గట్టిగా కొట్టమనండి. ఒళ్లంతా కలిసి కదలడం వచ్చాకే గురి.

పట్టడం వేరే నేర్పాలి. దీనికి 20 సెంటీమీటర్ల మెత్తటి బంతి, గాలి కొంచెం తీసేసి వాడండి. బంతి వస్తుంటే కళ్లు మూసి ముఖం తిప్పుకునే పిల్లలది భయం, మొండితనం కాదు. మందలిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. వాళ్లకు బెలూన్ ఇవ్వండి. మెల్లగా దిగుతుంది కాబట్టి చివరిదాకా చూడగలుగుతారు. తర్వాత తలెత్తు వరకు తామే ఎగరేసి పట్టుకోవాలి. ఆ తర్వాత 2 మీటర్ల దూరం నుంచి జతగాడు నేలకు ఒకసారి కొట్టి పంపాలి, ఆపైన నేరుగా. పదింటిలో ఎనిమిది పట్టాకే ఒక అడుగు వెనక్కి జరపండి.

చేతులు ముందుకు చాచి ఎదురెళ్లాలి, బంతి తాకగానే మోచేతులు వంచి ఒంటివైపు తీసుకోవాలి. చేతులు కొయ్యల్లా బిగిసి ఉంటే బంతి తగిలి ఎగిరిపోతుంది. నడుముకు పైన వస్తే బొటనవేళ్లు దగ్గరగా, కింద వస్తే చిటికెన వేళ్లు దగ్గరగా. చిన్నపిల్లలు గుండెకు అదుముకుని పట్టడం మామూలే. కొన్ని వారాలైనా అలాగే పడుతుంటే ఇంకాస్త చిన్న బంతి ఇవ్వండి.

దిద్దేటప్పుడు పక్కనుంచి చూడండి, ఎదురుగా నిలబడితే కాలి తప్పు తెలియదు. ఒక బిడ్డకు ఒకసారికి ఒక్క తప్పే చెప్పండి, ముందు కాలిది. చాలాసార్లు అది సరిపోతే నడుము దానంతటదే తిరుగుతుంది.